కుర్చీ ఎప్పుడైనా ఓడిందా?

12 సెప్టెంబర్ 2011, కోరుట్ల

వచ్చింది!

వచ్చింది, వచ్చింది, వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎగిరాను. పక్క కేబిన్‌లో ఒకావిడ మస్కట్‌లో ఉన్న మొగుడితో వీడియోలో గొడవ పడుతోంది. గొడవ ఆపి మరీ తొంగి చూసింది.

"ఏమైందక్కా, వీసా అచ్చిందా?"

కోరుట్లలో ఆడమనిషి నెట్ సెంటర్‌లో ఎగిరిందంటే వీసా అయినా వచ్చి ఉండాలి, మొగుడైనా వస్తూ ఉండాలి. వ్యాసం వచ్చిందని చెప్పాను. జాలిగా చూసి మళ్లీ గొడవలో పడింది.

స్కాట్లాండ్ యూనివర్సిటీ వాళ్ల న్యాయశాస్త్ర పత్రిక నా వ్యాసాన్ని తిప్పికొట్టలేదు. అంటే వేసుకున్నట్టు కాదు, ఆ ముక్క ఎడిటరమ్మ విప్పే చెప్పింది. ఇద్దరు సమీక్షకులు చదివారట. వాళ్ల పేర్లు నాకు చెప్పరు, నా పేరు వాళ్లకు చెప్పరు. వాళ్లు అడిగినవాటికి నేను జవాబులు ఇవ్వాలి. నచ్చితే అచ్చు, లేకపోతే లేదు. నేను మాత్రం అచ్చయినట్టే తిరుగుతున్నాను. కూలికి పోయే సామేలు బిడ్డ రాసింది, జగిత్యాల కోర్టులో జూనియర్ వకీలు రాసింది, ఎక్కడో చలి దేశంలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని చదివారు. ఇంతకంటే ఏం కావాలి! (అచ్చు కావాలి. అది వేరే.)

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె నేల మీద కాళ్లు మడుచుకుని బీడీలు చుడుతోంది.

"లండన్ల నువ్వు రాసింది సదువుతరా?" అంది.

"స్కాట్లాండ్ అత్తమ్మా."

"గదే, లండన్. గాళ్లకేం పని లేదా?" అని, చేట పక్కన పెట్టి, చెయ్యి ఆనకుండానే లేచి, నాకు పాయసం చేయడానికి పోయింది. పనిలేని వాళ్లు మెచ్చుకున్నందుకు పాయసం ఏమిటో!

మా ఆయన ఆనంద్ ఫోన్ చేశాడు. దుబాయ్‌లో అప్పుడే షిఫ్టు దిగాడట. వ్యాసం సంగతి తర్వాత చెప్దామనుకున్నాను.


14 సెప్టెంబర్

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. ఆఫీసులు బంద్, బడులు బంద్. మా కోర్టు సరేసరి. వకీళ్లం విధులు బహిష్కరించి టెంటు కింద కూర్చున్నాం. తెలంగాణ వచ్చేదాకా నల్లకోటుకు పని లేదు. అందుకే నాకు ఇంత తీరిక. ఉద్యమం నాకు ఇచ్చిన సెలవు అనుకుంటే తప్పా? తప్పే. పగలంతా నినాదాలు ఇస్తాను, మిగతా పూట వ్యాసం దిద్దుకుంటాను.

పరాయి దేశం మనిషికి అర్థమయ్యేట్టు మొదటి పేరా మళ్లీ రాయమన్నారు. ముందు తెలుగులో రాసి చూసుకుంటున్నాను:

"కోరుట్ల చుట్టుపక్కల మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో తగువు వస్తే కులపెద్దలు పంచాయితీ పెడతారు. మనిషి లేడని ఆగరు. అతని కోసం ఒక కుర్చీ వేస్తారు. అతని తువ్వాలను భార్యే ఉతికి తెచ్చి ఆ కుర్చీలో పరుస్తుంది. తువ్వాల మీద సెల్‌ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేస్తారు. ఇక అతను వచ్చి కూర్చున్నట్టే. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. పక్క నుంచి పోయేవాళ్లు కూడా కాలు తగలకుండా పోతారు. భార్య చాప మీద కూర్చుని కుర్చీకి జవాబు చెబుతుంది."

బాగుంది. నేనే పరాయి దేశం దాన్నయినట్టు, మొదటిసారి చూసినట్టు ఉంది. లేని మనిషిని కూడా విని తీర్పు చెప్పే పద్ధతి మాకుంది, అందులో ఇద్దరికీ న్యాయం దొరుకుతుంది. ఇదీ నా వాదన. ఇంగ్లండు కోర్టులకు వీడియో వచ్చిందో లేదో గానీ మాకు తువ్వాల ఎప్పుడో వచ్చింది.

మొదటి సమీక్షకుడు మంచివాడు. ఫుట్‌నోట్లు పెంచమన్నాడు. రెండోవాడు నాలుగు ప్రశ్నలు వేశాడు. మూడు పరవాలేదు.

నాలుగోది ఇది: "ఈ పద్ధతి ఇద్దరికీ న్యాయం చేస్తుందని రచయిత అంటున్నారు. అయితే ఆ కుర్చీ ఎప్పుడైనా ఓడిందా? ఒక్క ఉదాహరణ చూపండి. లేకపోతే ఆ వాదన తీసివేయాలి."

ఆ వాదన తీసేస్తే నా వ్యాసంలో మిగిలేది ఒక కుర్చీ, ఒక తువ్వాల.


17 సెప్టెంబర్, జగిత్యాల

తహశీల్ చౌరస్తాలో వకీళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు, పొయ్యిల మీద గంజులు, గంజుల చుట్టూ నల్లకోట్లు. మా సీనియర్ సత్తయ్య సార్ మెడకు బ్యాండు కట్టుకునే టమాటపప్పు కలుపుతున్నారు. సివిల్ కేసుల్లో జిల్లా అంతా ఆయన పేరు చెప్పుకుంటారు. పప్పు మాత్రం అడుగంటింది.

సమీక్షల కాగితాలు చూపించాను. గరిటె పట్టుకునే చదివారు.

"ఇద్దరు అపోజిట్ పార్టీలు. పేరు లేదు, తండ్రి పేరు లేదు, అడ్రసు లేదు. గీళ్లకు నోటీసెట్ల పంపాలె?"

"వాళ్లు అపోజిట్ పార్టీ కాదు సార్, సమీక్షకులు."

"తప్పులు వట్టెటోడు అపోజిట్ పార్టీ గాకుంటే మనోడా? రాసుకో పుష్పా, కౌంటర్ ఏద్దాం."

రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగడం లేదు గానీ అప్పుడు అదే సరైన పద్ధతి అనిపించింది. ఆరోపణ వస్తే పేరావారీగా ఖండించాలి. ఇన్నేళ్లు కోర్టులో నేర్చుకున్నది అదే. సార్ పప్పు కలుపుతూ చెబుతున్నారు, నేను స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను, చుట్టూ బార్ అసోసియేషన్ మొత్తం మూగి తలో మాట అందిస్తోంది. "మొదటి పేరాలో చెప్పిన సంగతులు అబద్ధము, కల్పితము, వాటిని రుజువు చేసుకొను భారము రెండవ సమీక్షకునిదే." "రెండవ పేరాలోని విషయములు ఈ రచయితకు తెలియవు." ఆఖరున, "కావున సదరు ప్రశ్నలను ఖర్చులతో సహా కొట్టివేయవలసిందిగా ప్రార్థన." కింద వెరిఫికేషన్, సంతకం, వకీళ్ల సంక్షేమ నిధి స్టాంపు. అదంతా ఇంగ్లీషులోకి మార్చి, అసలు జవాబులు వెనక జతచేసి, స్కాన్ చేసి పంపాలి.

నాలుగో పేరా దగ్గర సార్ గరిటె ఆగింది.

"ఉదాహరణ ఉన్నదా?"

"వెతకాలి సార్."

"అయితే నాలుగోది వదిలెయ్."

"ఖండించకపోతే ఒప్పుకున్నట్టే కదా సార్."

"ఔ" అని పప్పు దించారు.

అంతటితో ఊరుకోలేదు. అన్నాలు పెట్టే ముందు మైకు తీసుకున్నారు. "మన జూనియర్ పుష్ప రాసిన వ్యాసం అంతర్జాతీయ పత్రికల అచ్చయితున్నది. గల్ఫ్ పంచాయితీల మీద. మన తెలంగాణ న్యాయం లండన్ దాంక పోయింది. జై తెలంగాణ!" చప్పట్లు. నాకు చెవుల దాకా నవ్వు. విలేకరి ఫొటో కూడా తీశాడు, చేతిలో విస్తరితో.

ఇంకా అచ్చు కాలేదని ఎవరికీ చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.


18 సెప్టెంబర్

పేపర్లో పడింది! జిల్లా ఎడిషన్లో, మూడో పేజీలో. "గల్ఫ్ భర్తల పంచాయితీల గుట్టు ప్రపంచానికి! కోరుట్ల కోడలి ఘనత." గుట్టు అని నేనెక్కడ అన్నాను? అయినా ఫొటో బాగా వచ్చింది. విస్తరి ఎక్కువ కనిపిస్తోంది.

ఆనంద్ ఫోన్. ఇంట్లోకి జనం వస్తూ పోతూ ఉన్నారు, ఎత్తలేకపోయాను.


21 సెప్టెంబర్

ఎడిటరమ్మ జవాబు. భూమి చీలితే బాగుండుననిపించింది, వెంటనే ఎగరాలనీ అనిపించింది.

"మీ జవాబు అందింది. మా పత్రిక పుట్టినప్పటి నుంచి సమీక్షకుడి మీద ఖర్చులు కోరినవారు లేరు. ఆ పేజీని మా ఆఫీసు గోడకు అతికించుకున్నాం. స్టాంపు చాలా అందంగా ఉంది. మీ ఖండనల వెనక అసలు జవాబులు కూడా ఉన్నాయని రెండో సమీక్షకుడు ఒప్పుకున్నారు. మొదటి మూడు ప్రశ్నలు ఆయన వదులుకున్నారు. నాలుగోదానికి జవాబు కనపడలేదు. నెలాఖరు లోపు పంపగలరా?"

సత్తయ్య సార్‌కు ఫోన్లో చదివి వినిపించాను. "మూడు పేరాలు గెలిచినం. కింది కోర్టుల గింత చాలు" అన్నారు.


22 సెప్టెంబర్

నాలుగో ప్రశ్న గురించి ఆలోచించడం లేదు.


23 సెప్టెంబర్

ఇవాళ కూడా ఆలోచించలేదు. అత్తమ్మ రెండుసార్లు అడిగింది, "గా రెండోడు ఏమన్నడు?" అని. మా ఇంట్లో అతనికి రెండోడు అనే పేరు ఖాయమైంది.


24 సెప్టెంబర్, సిరిసిల్ల

బస్సులు లేవు. షేర్ ఆటోలో వేములవాడ, అక్కడి నుంచి ఇంకో ఆటో. డ్రైవర్ పక్కన సగం సీటు, సగం గాలి. సిరిసిల్లలో మంజుల ఇంటికి వచ్చాను. ఇద్దరం కలిసే లా చదివాం. కరెంటు కోత వల్ల మరమగ్గాలు ఆగిపోయి ఊరు ఊరంతా మూగగా ఉంది. ఇక్కడ మాటలు వినపడేట్టు మాట్లాడుకోవచ్చని నాకు ఇవాళే తెలిసింది.

మంజుల ముస్తాబాద్ నుంచి బాలమణిని పిలిపించింది. "ఈమె మొగుని మీద పంచాయితీ గెలిచింది" అని ముందే చెప్పింది. నేను పెన్ను తీసి సిద్ధంగా కూర్చున్నాను.

"మా ఆయన బర్రెను అమ్ము అన్నడు. నేను అమ్మ అన్న. పంచాయితీ వెట్టిండ్రు. కుర్చీ ఏసిండ్రు, ఫోన్ వెట్టిండ్రు. ఆయన సగం మాట్లాడినంక ఫోన్ బందయింది. చార్జింగ్ లేదు. ఊర్ల కరెంటు లేదు. పెద్దమనుషులు జరసేపు చూసి ఇంటికి వోయిండ్రు."

"తర్వాత?"

"మల్ల పంచాయితీ పెట్టేటాల్లకు బర్రె ఈనింది. పాలిస్తుంటే ఎవలన్న అమ్ముతరా? ఆయననే వద్దన్నడు."

మంజుల, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కుర్చీ ఓడలేదు. చార్జింగ్ అయిపోయింది. దీన్ని ఫుట్‌నోట్‌లో పెడితే రెండోవాడు కుర్చీలోంచి కింద పడతాడు. మేం నవ్వుతుంటే బాలమణికి కూడా నవ్వొచ్చింది, ఎందుకో తెలియకపోయినా.

మంజుల ఇంకో రెండు మూడు పంచాయితీలు చెప్పింది. అన్నింట్లో మొగుడే మనసు మార్చుకున్నాడు. అతనే ఒప్పుకుంటే అది ఓడినట్టు కాదు.

మిర్చీబజ్జీలు తిని తిరుగు ఆటో ఎక్కాను. మిర్చీలు చాలా బాగున్నాయి. నాకేం దిగులు లేదు.


25 సెప్టెంబర్

దిగులుగా ఉంది. ఆ రెండోవాడు కోరుట్ల మొహం చూడనివాడు, మా కుర్చీ సంగతి నాకంటే ముందే పట్టుకున్నాడు.


26 సెప్టెంబర్

ఆనంద్ ఫోన్ ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

రూములో అతనితో పాటు ఉండే సాగర్ నెట్‌లో పేపర్ చూశాడట. "గుట్టు" అన్న మాట క్యాంపు మొత్తం తిరిగిందట.

"ఎవ్వని ముచ్చట రాసినవు పుష్పా?"

"ఎవరి పేరూ రాయలేదు."

"నాకు జెప్పనన్న జెప్పలేదు. పేపర్లో సూసి తెల్సుకోవాల్నా?"

ఆ రోజు ఇంటి నిండా జనం అన్నాను.

వ్యాసం ఆపమన్నాడు. ఆపనన్నాను. పెద్దమనుషుల్లో పెడతానన్నాడు. పెట్టుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక అర్థమైంది, నేనేం ఒప్పుకున్నానో. నా వ్యాసం మీద మా కుర్చీ ముందే పంచాయితీ!

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. పంచాయితీ ఆపమంటే నేను ఆపాలి. ఆపకుండా పంపిస్తే, ఈ పంచాయితీలో అందరికీ న్యాయం దొరుకుతుందని రాసిన మనిషే దాని మాట ధిక్కరించినట్టు. అప్పుడు వ్యాసం అబద్ధం. ఆగితే వ్యాసమే లేదు. వకీలును, నాకు చట్టం తెలుసు, ఎవరూ నన్ను ఆపలేరు. కానీ నేను రాసింది నిజమని నేను నమ్మాను. అదే వచ్చి మెడకు చుట్టుకుంది.

ఆనంద్ మీద నాకు కోపం లేదు.


28 సెప్టెంబర్

ఆనంద్ మీద నాకు కోపం లేదు. రేపటి పంచాయితీకి అతని తువ్వాల ఉతికాను. మంచివన్నీ పట్టుకుపోయాడు. మిగిలింది పోయినసారి దుబాయ్ నుంచి తెచ్చిన పెద్ద నీలం తువ్వాల. గట్టిగా పిండాను. మామూలు కంటే గట్టిగా.


29 సెప్టెంబర్, కోరుట్ల

వరుసగా రాస్తాను. నవ్వు ఆపుకుంటూ రాయాలి.

చర్చి వెనక రేకుల షెడ్డులో పంచాయితీ. రాజమల్లు మామ పెద్ద. అత్తమ్మకు వరసకు తమ్ముడు. అటూ ఇటూ ఇంకో నలుగురు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ. నీలం తువ్వాల నేనే పరిచాను, ఫోన్ నేనే పెట్టాను, స్పీకర్ నేనే నొక్కాను. ఇన్ని పంచాయితీలు రాసుకున్నదాన్ని, చాప మీద కూర్చుంటే ఆ కుర్చీ ఎంత ఎత్తు కనపడుతుందో ఇవాళే తెలిసింది. అది నా వ్యాసంలో లేదు.

అత్తమ్మ ఆలస్యంగా వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. చాప మీద చోటిచ్చాను, కూర్చోలేదు.

కుర్చీ మాట్లాడింది.

"మామా, వందనాలు. నాకు పుష్ప మీద కోపం లేదు." (ఇద్దరికీ లేదన్నమాట.) "గని ఈడ రూముల ఎవ్వలు నా మొకం జూస్తలేరు. మీ ఆమె మా ఇండ్లల్ల ముచ్చట లండన్ల అచ్చేయిస్తుందట గదా అంటున్నరు. దినమంత ఎండల పనిజేసి అచ్చి ఫోన్ల రెండు మాటలు చెప్పుకుంటం. గది గూడ లోకం నవ్వేటట్టయితే మాకేం మిగిలింది? గా వ్యాసం ఆపాలె. గంతే."

దాపరికం ఎందుకు, అతని మాట నాకూ న్యాయంగానే అనిపించింది. అయినా నా వంతు నేను చెప్పాను.

"ఎవ్వల పేరు రాయలే. నవ్వేటట్టు రాయలే. కంపెనీ మిమ్ముల లెక్కల వెట్టుకోదు, ఎంబసీ వెట్టుకోదు, కోర్టు వాయిదాకు రాలేదని కేసు కొట్టేస్తది. మా పంచాయితీ ఒక్కటే మీకు కుర్చీ ఏస్తది. ఫోన్ల చెప్పిన మాట గూడ మనిషి మాటనే అని నేను లోకానికి రాసిన. అది ఇజ్జత్ తీసుడా?"

"ఏమో. నాకు ముందుగాల జెప్పకపోతివి" అంది కుర్చీ, చిన్నగా.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. రాజమల్లు మామ గొంతు సవరించుకున్నాడు. అతని మొహం చూస్తే తెలిసిపోయింది. మనిషి అంత దూరంలో ఉన్నాడు, బాధ పడుతున్నాడు, కుర్చీ గెలుస్తుంది. ఎప్పుడూ అట్లాగే గెలిచింది. రెండోవాడు గెలిచాడు. నా వ్యాసం పోయింది.

"ఆనంద్ అన్నదాంట్ల..." అని రాజమల్లు మామ మొదలుపెట్టాడు.

అప్పుడు అత్తమ్మ గుంజ దగ్గర నుంచి నడిచి వచ్చింది. చాప దాటింది. "అవ్వో, మోకాళ్లు" అంది. కుర్చీలో కూర్చుంది.

తువ్వాల మీద. ఫోన్ మీద.

షెడ్డులో ఒక్క చప్పుడు లేదు. ఉన్న ఒక్క చప్పుడు అత్తమ్మ కింద నుంచి వస్తోంది. ఆనంద్ ఏదో అంటున్నాడు, మూత పెట్టిన గంజులోంచి వచ్చినట్టు. "అవ్వా, లే" అంటున్నాడని నాకు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"అక్కా, అది ఆనంద్ కుర్చీ" అన్నాడు రాజమల్లు మామ.

"ఎరుకనే. మోకాళ్లు గుంజుతున్నయి. ఆటోలు లేవు, ఇంటికాంచి నడిచే అచ్చిన."

"లెవ్వాలె అక్కా."

"లెవ్వస్తలేదు తమ్మీ. నువ్వు లేవట్టి నిలవెడతవా?"

పెద్ద ఆడమనిషిని రెక్క పట్టి లేపే మగవాడు మా వాళ్లల్లో లేడు. లెమ్మనే హక్కు ఉన్నవాడు ఒక్కడే, అతను ఆమె కింద ఉన్నాడు. ఇక పెద్దలు చర్చలో పడ్డారు. ఇట్లాంటిది ఎన్నడూ జరగలేదు అన్నాడు ఒకాయన. ఫోన్ తీసి వేరే కుర్చీలో పెడదాం అన్నాడు ఇంకొకాయన. ఫోన్ ఎవరు తీస్తారు, ఎట్లా తీస్తారు అనేసరికి అందరూ రేకుల వంక చూశారు. అంతలో ఫోన్ దానంతటదే కట్టయింది. బరువుకో, బ్యాలెన్సుకో.

రాజమల్లు మామ చాలాసేపు గడ్డం గోక్కుని అన్నాడు, "ఒక్క కుర్చీల ఇద్దరు కూసోరు. ఇప్పుడు గా కుర్చీల మా అక్క లచ్చవ్వ ఉన్నది. ఆనంద్ లేడు. లేనోని మాట మనమెట్ల వడ్తం?" అందరూ తలలూపారు. "మరి కుర్చీల ఉన్నోళ్లను అడుగాలె. ఏమంటవు అక్కా?"

"నేనేమంట? కోడలు రాసింది పంపుకోనియ్యిండ్రి. జల్ది తెంపుండ్రి తమ్మీ, మోకాళ్లు."

తెంపేశారు, తీర్పయిపోయింది. వ్యాసం పంపుకోవచ్చు.

నాలుగో ప్రశ్న! నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. కరెంటు లేదు. అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను, ఒక్కదాన్నే నవ్వుకుంటూ. వచ్చీపోయేవాళ్లు ఏమనుకున్నారో. కరెంటు రాగానే జరిగిందంతా రాసి పంపించేశాను. "కుర్చీ ఓడింది. కోరుట్ల, 2011. రచయిత అక్కడే ఉన్నారు, ఆ కుర్చీ రచయిత భర్తది, కూర్చున్నది అతని తల్లి."


30 సెప్టెంబర్

ఆనంద్ ఫోన్ చేయలేదు.


1 అక్టోబర్

చేయలేదు.


2 అక్టోబర్

ఎడిటరమ్మ నుంచి. ఆఫీసులో అందరూ చదివారట. ఫుట్‌నోట్‌లో అత్తమ్మ పేరు దాచిపెడతారా అని అడిగింది. దాంతోపాటు రెండోవాడి మాట: "అద్భుతం. ఒక్క సందేహం. ఆమె కావాలని కూర్చుందా, అలసి కూర్చుందా? కావాలని అయితే ఈ పద్ధతిలోనే కుర్చీ ఓడే దారి ఉందని అర్థం. అలసి అయితే అది ప్రమాదం, ఉదాహరణ కాదు."

మనిషేనా ఇతను!

పేరు సంగతి అత్తమ్మను అడిగాను. "దాసుడెందుకు? నేనేం దొంగతనం జేసిన్నా? లచ్చవ్వ అని రాయి." రెండో సంగతి అడగలేదు. అడగాల్సిన పని లేదు. మోకాళ్లు అని ఆమే చెప్పింది కదా. అందరూ విన్నారు.


సద్దుల బతుకమ్మ

ఉద్యమ జేఏసీ వాళ్లు ఈసారి బతుకమ్మలను రోడ్డు మీదే ఆడమన్నారు. బస్టాండు ముందు అన్ని కులాల ఆడవాళ్లు, మా చర్చి ఆడవాళ్లు కూడా. మా పాస్టర్ గారు అటు చూడకుండా వెళ్లిపోయారు, మంచివాడు. తంగేడు, గునుగు, గుట్టలు గుట్టలు. నేను నాలుగు చుట్లు తిరిగి రొప్పుతూ పక్కకొచ్చి నిలబడ్డాను.

అత్తమ్మ ఆగలేదు. ఆ చుట్టు, ఈ చుట్టు, వంగి చప్పట్లు, లేచి చప్పట్లు. మధ్యలో ఎవరో పాట తప్పితే అందుకుంది. పడుచుపిల్లలు అలసి తప్పుకున్నారు, ఆమె తప్పుకోలేదు. ఆ మోకాళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఆమె నోట మోకాళ్ల మాట నేను విన్నది ఒక్కసారే. షెడ్డులో.

ఇంటికి నడుస్తూ అడిగాను.

"అత్తమ్మా, మోకాళ్లు ఎట్ల ఉన్నయి?"

ఆమె నా వంక చూసి, నవ్వు దాచుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"కావాలనే కూర్చున్నవా?"

"నువ్వు చాప మీద కూసుండి గట్ల మొకం వెట్టినవు, ఏం జెయ్యాలె మరి?"

"అత్తమ్మా, గది రాస్తేనే వాళ్లు అచ్చేస్తరు. కావాలని కూర్చున్నవని రాయాలె."

ఆగిపోయింది.

"రాయకు. రాస్తే సాగర్ సదువుతడు, ఆనంద్‌కు జెప్తడు. మా అవ్వనే నన్ను అందర్ల ఓడగొట్టింది అనుకుంటడు నా కొడుకు. అంత దూరముంటడు బిడ్డా, మనసుల వెట్టుకుంటడు. నీ కాయితం ఆగొద్దు, వాని మొకం చిన్నగావద్దు. నాకు రెండు గావాలె. మోకాళ్ల మీద వెయ్. మోకాళ్లకేమైతది, మోస్తయి."

నడిరోడ్డు మీద ఆమెను కౌగిలించుకున్నాను. "పో పిల్ల, పూలు రాలుతున్నయి" అని తోసేసింది.


5 అక్టోబర్

పంపాను. "లచ్చవ్వ మోకాళ్ల నొప్పి వల్ల కూర్చున్నానని చెప్పింది. రచయిత దగ్గర ఇంతకు మించి సాక్ష్యం లేదు."

ఇంతకు మించిన సాక్ష్యం ఈ పేజీలో ఉంది, పై రోజున. ఇది ఎవరికీ చూపించను. అచ్చు కాకపోతే కాకపోనీ. ఇందులో నాకు బాధ ఉంది, ఉండదని ఎట్లా అంటాను. కానీ ఆ రోడ్డు మీద నుంచి ఇప్పటిదాకా ఎందుకో నేల మీద కాలు నిలవడం లేదు.

సాయంత్రం నేనే ఆనంద్‌కు ఫోన్ చేశాను. ముందే చెప్పాల్సింది అన్నాను. అతను మాత్రం, "అవ్వకు మోకాళ్లు గంత నొస్తున్నయా?" అని అడిగాడు. ఔనన్నాను.


13 అక్టోబర్

ఏమీ లేదు. టెంటు, నినాదాలు, కరెంటు కోతలు. సత్తయ్య సార్ అప్పీలు తయారుగా ఉంచుకోమన్నారు. ఎక్కడ వేయాలో ఆయనకూ తెలియదు.


24 అక్టోబర్

సమ్మె ఆపేశారట. ఇన్ని రోజులు కూర్చున్నాం, తెలంగాణ ఇంకా రాలేదు. టెంటు విప్పుతుంటే సత్తయ్య సార్ కళ్లు తుడుచుకున్నారు. "వాయిదా వడ్డది, కేసు వోలేదు" అన్నారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే నెట్ సెంటర్‌కు వెళ్లాను.

వచ్చింది!

అచ్చు! వసంతకాలం సంచికలో. ఎడిటరమ్మ అభినందనలు, కింద రెండోవాడి ఆఖరి మాట. ఇక్కడ దించుకుంటున్నాను:

"ప్రమాదం అయితే ఉదాహరణ కాదని నేనే రాశాను. నియమం ప్రకారం వద్దనాలి. కానీ నాకూ ఒక తల్లి ఉండేది. మోకాళ్ల మాట నేను నమ్మడం లేదు. ఫుట్‌నోట్ ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయండి. నాలుగో ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. ఖర్చులు నేనే భరిస్తాను."

ఏడుపో నవ్వో తెలియకుండా ఇంటికొచ్చాను. సాగర్ సెలవు మీద వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆనంద్ పంపిన సంచి ఇచ్చాడు. అందులో అత్తమ్మకు పెద్ద నొప్పుల నూనె సీసా, నాకు ఒక చీటీ: "అచ్చయినంక నాకు ముందుగాల పంపు. ఈడ అందరికి సదివి వినిపిస్తా."

అత్తమ్మకు చెప్పాను, నీ పేరు లండన్‌లో అచ్చవుతోందని. ఈసారి స్కాట్లాండ్ అని దిద్దలేదు. అంతలో ఆనంద్ ఫోన్.

"అవ్వా, నూనె అందిందా? రాసుకుంటున్నవా?"

"ఔ కొడుకా, రాసుకుంటున్న. జర నయమే" అంది అత్తమ్మ, చెక్కపీట మీదెక్కి సీసాను అన్నిటికంటే ఎత్తు అరలో పెడుతూ. మూత మీద సీలు ఇంకా తీయలేదు.